మెనోపాజ్ పేరు చెప్పి అమ్మే సరుకు: ఏది కొనొచ్చు, ఏది అక్కర్లేదు

మెనోపాజ్ (నెలసరి ఆగిపోయే దశ) కోసం అమ్మే క్యాప్సూల్స్ డబ్బాను ముందువైపు కాకుండా వెనకవైపు నుంచి చదివితే సగం సరుకు అక్కడే తేలిపోతుంది. ముందువైపు ఆకులు, పూలు, ‘సహజ పద్ధతిలో ఉపశమనం’ అన్న మాట ఉంటాయి. వెనకవైపు చిన్న అక్షరాల్లో పది పన్నెండు మూలికల పేర్లు వేసి, అన్నిటికీ కలిపి ‘ప్రత్యేక మిశ్రమం 450 మి.గ్రా.’ అని ఒకే ఒక్క అంకె వేస్తారు. ఏది ఎంత ఉందో చెప్పని డబ్బా పనిచేస్తుందో లేదో తేల్చుకునే దారే లేదు. కాబట్టి ఆ జాతి మిశ్రమాలన్నిటికీ ఇక్కడ ఒకటే తీర్పు: వద్దు. అంకెలు విడివిడిగా ఇచ్చిన వాటినే ఈ సమీక్షలో పట్టించుకున్నాం.

సోయా ఐసోఫ్లేవోన్స్, బ్లాక్ కొహోష్, అవిసె గింజలు, కాల్షియం, మెగ్నీషియం, చల్లదనం దిండ్లు, యోని మాయిశ్చరైజర్లు, ఇంట్లో చేసుకునే హార్మోన్ పరీక్షలు, ఫోన్ యాప్‌లు, బరువులు ఎత్తించే శిక్షణ అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలతో చూశాం. ఉత్తుత్తి మాత్రతో, అంటే అసలుదానిలాగే కనిపించే మందు లేని మాత్రతో పోల్చి చేసిన పరీక్షల్లో నెగ్గిందా? డబ్బాలో ఉన్న మోతాదు ఆ పరీక్షల్లో వాడిన మోతాదేనా? చెడు చేసే అవకాశం ఎంత?

మొదటి ప్రశ్న మీద అంత పట్టుదల ఎందుకంటే, వేడి ఆవిర్లు, అంటే ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమట పట్టడం, వాటంతటవే పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. హార్మోన్ మాత్రల మీద జరిగిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకు కూడా ఆవిర్ల సంఖ్య సగటున సగానికి పైగా తగ్గింది. అంటే నెట్‌లో కనిపించే ఐదు నక్షత్రాల రివ్యూలన్నీ అబద్ధాలని కాదు. రాసినవాళ్లలో చాలామందికి నిజంగానే తగ్గి ఉంటుంది. తగ్గించింది ఆ క్యాప్సూలేనా అన్నది మాత్రం వాటివల్ల తేలదు.

మీ సొంత పరీక్షకు కూడా ఒక పద్ధతి కావాలి. కొత్తది మొదలుపెట్టే ముందు ఒక వారం రోజులపాటు పగలు ఎన్ని ఆవిర్లు వచ్చాయో, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో రాసుకోండి. ప్రతి ఆవిరికీ తీవ్రత ఒకటి నుంచి మూడు దాకా వేయండి: ఒకటంటే ఒళ్లు వెచ్చబడటం, రెండంటే చెమట పట్టినా చేతిలో పని సాగడం, మూడంటే పని ఆపేయాల్సి రావడం. ఒకసారికి ఒకే వస్తువు మొదలుపెట్టండి. పన్నెండు వారాలు వాడి, మళ్లీ ఒక వారం లెక్క రాయండి. మూడు సీసాలు ఒకేసారి తెరిస్తే ఏది పనిచేసిందో, ఏది కడుపు పాడుచేసిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

సోయా ఐసోఫ్లేవోన్స్: ప్రయత్నించదగ్గ ఒకే ఒక్క క్యాప్సూల్

మందుల షాపు అల్మారా మొత్తంలో కాస్తో కూస్తో ఆధారం ఉన్నది దీనికే. ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను పోలిన మొక్కల పదార్థాలు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలకు అతుక్కుంటాయి కానీ చాలా బలహీనంగా. 2012లో అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి లెక్కగడితే, రోజుకు సుమారు 54 మి.గ్రా. తీసుకున్నవాళ్లలో ఆవిర్ల సంఖ్య ఉత్తుత్తి మాత్రకంటే దాదాపు 21 శాతం ఎక్కువ తగ్గింది. జెనిస్టీన్ అనే ఐసోఫ్లేవోన్ రోజుకు దాదాపు 19 మి.గ్రా. లేదా అంతకు మించి ఉన్న రకాలు, తక్కువ ఉన్నవాటికంటే రెండింతలకు పైగా పనిచేశాయి. రోజుకు పది ఆవిర్లు వచ్చేవాళ్లకు దీనివల్ల అదనంగా ఒకటో రెండో తగ్గుతాయన్నమాట. రాత్రి రెండుసార్లు తక్కువ లేస్తే అదీ మేలే అనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. చెమటతో పక్కబట్టలు మార్చుకునే స్థితిలో ఉన్నవాళ్లకు సరిపోదు.

డబ్బా లెక్క ఇక్కడే తిరకాసు పెడుతుంది. ‘సోయా సారం 500 మి.గ్రా., ఐసోఫ్లేవోన్స్ 10 శాతం’ అని ఉంటే అందులో ఐసోఫ్లేవోన్స్ 50 మి.గ్రా. అవి చక్కెర అణువుతో అతికి ఉన్న గ్లైకోసైడ్ రూపంలో ఉంటే, చక్కెర విడిపోయి ఒంటికి పనికొచ్చే అగ్లైకోన్ లెక్కలో దాదాపు 60 శాతమే, అంటే 30 మి.గ్రా. పరీక్షల అంకె అగ్లైకోన్ లెక్కలోనిది. ఏ లెక్కో రాయని డబ్బాను గ్లైకోసైడ్ కిందే జమకట్టండి. ఇంకో సంగతి, సోయా గింజ మొలక భాగం నుంచి తీసిన సారంలో డైడ్జీన్, గ్లైసిటీన్ ఎక్కువ, జెనిస్టీన్ తక్కువ. మొత్తం అంకె పెద్దదిగా కనిపించినా అసలు పనిచేసేది అందులో కొరవడుతుంది. జెనిస్టీన్ అంకె విడిగా వేసిన డబ్బానే తీసుకోండి.

ఒకే డబ్బా అక్కకు పనిచేసి చెల్లెలికి ఎందుకు పనిచేయదు? పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే బలమైన పదార్థంగా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండవు. పాశ్చాత్య దేశాల్లో నలుగురిలో ఒకరికి మాత్రమే ఉంటే, సోయా ఎక్కువగా తినే తూర్పు ఆసియా దేశాల్లో సగంమందికి పైగా ఉంటాయి. యాంటీబయాటిక్స్ వాడిన వెంటనే సోయా పరీక్ష మొదలుపెట్టకపోవడం మంచిది.

భద్రత మాటకొస్తే, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో పరిశీలించి, నెలసరి ఆగినవాళ్లు రోజుకు 35 నుంచి 150 మి.గ్రా. దాకా సప్లిమెంట్‌గా తీసుకున్న పరీక్షల్లో రొమ్ముకు, గర్భాశయానికి, థైరాయిడ్‌కు హాని కనిపించలేదని తేల్చింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం క్యాప్సూల్ జోలికి పోకుండా, వైద్యం చేస్తున్న డాక్టరును అడిగాకే ఏదైనా మొదలుపెట్టాలి. థైరాయిడ్ మాత్ర మింగేవాళ్లు ఆ మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటలు విడివ్వాలి. లేకపోతే మాత్ర సరిగా ఒంటబట్టదు.

ఇంకో మాట దాచకూడదు. అమెరికాలోని మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్లు లేని వైద్యాలను సమీక్షించి, సోయా ఆహారాన్ని, సోయా సారాన్ని సిఫారసు చేయని జాబితాలోనే పెట్టింది. పరీక్షల ఫలితాలు ఒకదానికొకటి పొసగకపోవడమే కారణం. అయినా పన్నెండు వారాల పరీక్షకు ఇది తగుతుందన్నది మా అభిప్రాయం, ఎందుకంటే ప్రమాదం తక్కువ. తేడా లేకపోతే పదమూడో వారంలో ఆపేయాలి. ‘ఇంకా ఒంటికి పట్టలేదేమో’ అంటూ ఏళ్లతరబడి మింగే మందు కాదిది.

క్యాప్సూల్ బదులు గింజే తినొచ్చు. 2021 నుంచి వెలువడిన ఒక అమెరికన్ పరీక్షలో కొవ్వు తగ్గించిన పూర్తి శాకాహారంతోపాటు రోజుకు అరకప్పు, అంటే 86 గ్రాముల ఉడికించిన సోయా గింజలు పన్నెండు వారాలు తిన్నవాళ్లలో తీవ్రమైన, ఓ మాదిరి ఆవిర్లు ఎనభై శాతానికి పైగా తగ్గాయి. అంకె గొప్పగానే ఉంది. కాకపోతే ఎవరు ఏం తింటున్నారో వాళ్లకే తెలుసు, బరువూ తగ్గారు, నూనెలూ మానేశారు. అందులో సోయా వాటా ఎంతో విడదీయలేం. మొత్తం పద్ధతిని పాటించగలిగితే పోయేదేమీ లేదు.

గింజల్ని ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి ప్రెషర్ కుక్కర్లో వేళ్ల మధ్య నలిపితే మెత్తగా అణిగేదాకా ఉడికించాలి. పలుకుగా ఉంటే ప్రొటీన్ అరుగుదలను అడ్డుకునే పదార్థాలు మిగిలే ఉంటాయి, కడుపు ఉబ్బరం ఖాయం. మొదటి వారం రెండు చెంచాలతో సరిపెట్టి, మెల్లగా అరకప్పుకు రండి. ఉడికిన గింజలో ఐసోఫ్లేవోన్లు బాగా ఉంటాయి, టోఫులో అంతకంటే తక్కువ, సోయా పాలల్లో ఇంకా తక్కువ, సోయా నూనెలో సున్నా. ఆల్కహాల్‌తో కడిగి తీసిన సోయా ప్రొటీన్ పొడిలో ప్రొటీన్ ఉంటుంది, ఐసోఫ్లేవోన్లు దాదాపుగా కొట్టుకుపోతాయి. ‘సోయా’ అన్న మాట చూసి ఆ పొడి కొని, ఆవిర్లు తగ్గలేదని నిట్టూర్చి లాభం లేదు.

బ్లాక్ కొహోష్, దాని చుట్టాలు

అల్మారాలో ఎక్కువ చోటు ఆక్రమించిన మూలిక బ్లాక్ కొహోష్. దీనికి మా తీర్పు: వద్దు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2012లో 16 పరీక్షలు కలిపి చూసినా సిఫారసు చేయడానికి సరిపడా ఆధారం దొరకలేదు. అంతకుముందు 2006లో వెలువడిన ఏడాదిపాటు సాగిన పరీక్షలో 351 మందిని విడదీసి కొందరికి బ్లాక్ కొహోష్, కొందరికి మూలికల మిశ్రమం, కొందరికి హార్మోన్లు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మూలికలు ఉత్తుత్తి మాత్రను దాటలేదు. హార్మోన్ తీసుకున్నవాళ్లకు మాత్రం స్పష్టంగా తగ్గింది.

ప్రయోజనం లేకపోవడంతో ఆగితే సరే. అరుదుగానే అయినా దీన్ని వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. ఆస్ట్రేలియాలో డబ్బా మీద ఆ హెచ్చరిక వేయడం తప్పనిసరి. పైగా దీని పేరుతో అదే జాతికి చెందిన వేరే మొక్కల వేరును కలపడం పరీక్షల్లో దొరికిపోయింది. ఇప్పటికే వాడుతుంటే కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, కారణం లేని నీరసం, ఒళ్లంతా దురద కనిపించిన రోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

మిగతావి త్వరగా చూద్దాం. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె రోజుకు 4 గ్రాములు ఆరు నెలలు ఇచ్చిన 1994 నాటి పరీక్షలో ఉత్తుత్తి మాత్రకంటే మెరుగు కాలేదు. వైల్డ్ యామ్ అనే దుంప క్రీమ్ ‘సహజ ప్రొజెస్టరాన్’ (ఇదీ ఒక ఆడ హార్మోనే) అంటూ అమ్ముడుపోతుంది. ఆ దుంపలోని డయోస్‌జెనిన్‌ను ప్రయోగశాలలో ప్రొజెస్టరాన్‌గా మార్చవచ్చు, మన ఒంట్లో ఆ మార్పు జరగదు. అది చర్మానికి రాసుకునే ఖరీదైన క్రీమ్, అంతే. డాంగ్ క్వాయ్ అనే చైనా మూలిక, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు. సెయింట్ జాన్స్ వర్ట్ మరీ గొడవపెట్టే మూలిక: గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్, డిప్రెషన్ మందులు, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్ అన్నిటితోనూ కలహిస్తుంది. విటమిన్ ఇ రోజుకు 800 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) ఇచ్చిన పరీక్షలో రోజుకు సగటున ఒకే ఒక్క ఆవిరి తగ్గింది. అంత పెద్ద మోతాదును ఏళ్లతరబడి మింగడానికి ఆ ఒక్కటి సరిపోదు.

అవిసె గింజల సంగతి వేరు. 188 మందిమీద జరిగిన పరీక్షలో ఆరు వారాలు తిన్నా ఆవిర్లు తగ్గలేదు. కానీ పీచు, ఒమేగా-3 కొవ్వు ఉన్నందున మలబద్ధకానికి, చెడు కొలెస్ట్రాల్‌కు మంచి ఆహారమే. ఆవిర్ల కోసం కాకుండా ఆ రెండింటి కోసం కొనండి. గింజలుగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి. వారానికి సరిపడా పొడి చేసి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, రోజుకు ఒకటి రెండు పెద్ద చెంచాలు ఎక్కువ నీళ్లతో తీసుకోవాలి. ముక్కిన వాసన, చేదు వస్తే నూనె చెడిందని అర్థం, పారేయండి.

మెగ్నీషియం ఇప్పుడు కొత్త మోజు. మెగ్నీషియం ఆక్సైడ్ రోజుకు 800, 1,200 మి.గ్రా. చొప్పున ఇచ్చి, రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్లలో చేసిన పరీక్షలో ఆవిర్లు తగ్గలేదు, విరేచనాలు మాత్రం పెరిగాయి. మలబద్ధకానికి వాడుకోండి, ఆవిర్లకు కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

జుట్టు రాలకుండా అంటూ మెనోపాజ్ మిశ్రమాల్లో బయోటిన్ అనే విటమిన్ 5,000, 10,000 ఎంసీజీ (మైక్రోగ్రాములు) వేసేస్తున్నారు. దీంతో వచ్చే చిక్కు జుట్టులో కాదు, ల్యాబ్‌లో. బయోటిన్ ఎక్కువైతే థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కొన్ని యంత్రాల్లో తప్పు చూపిస్తాయి. లేని థైరాయిడ్ జబ్బుకు మందులు మొదలవుతాయి, ఉన్న గుండెపోటు కనిపించకుండా పోవచ్చు. రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేసి, వాడుతున్నట్టు ల్యాబ్ వాళ్లకు చెప్పాలి.

కాల్షియం, విటమిన్ డి: కొనే ముందు పళ్లెం లెక్క

ఎముకల విషయంలో తొందర అవసరమే. ఆఖరి నెలసరికి ఏడాది ముందు మొదలై, ఆ తర్వాత రెండేళ్లు ఎముక అన్నిటికంటే వేగంగా కరుగుతుంది. యాభై దాటిన ఆడవాళ్లకు రోజుకు కావాల్సిన కాల్షియం 1,200 మి.గ్రా. ఇది తిండి, మాత్ర రెండూ కలిపిన లెక్క. 250 మి.లీ. గ్లాసు పాలల్లో సుమారు 300 మి.గ్రా., అంతే కొలత పెరుగులోనూ దాదాపు అంతే. రోజుకు రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు తీసుకునేవాళ్లకు 900 వచ్చేసినట్టే. మిగతా ఆహారంలోంచి ఇంకొంత చేరుతుంది. వాళ్లకు 1,000 మి.గ్రా. మాత్ర ఎందుకు? అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో రోజూ కాల్షియం, విటమిన్ డి మాత్రలు తీసుకున్నవాళ్లకు కిడ్నీలో రాళ్లు 17 శాతం ఎక్కువ వచ్చాయి. పాలకూరలో కాల్షియం ఉంది కదా అని లెక్కలో వేసుకోకండి, ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుని చాలా కొద్దిగానే వదులుతుంది.

పాలు పడనివాళ్లు, తక్కువ తాగేవాళ్లు మాత్ర కొనేటప్పుడు ‘ఎలిమెంటల్’ అంకె చూడాలి. కాల్షియం కార్బొనేట్ 1,250 మి.గ్రా. మాత్రలో అసలు కాల్షియం 500. సిట్రేట్‌లో ఐదో వంతే ఉంటుంది కాబట్టి మాత్రలు ఎక్కువ వేసుకోవాలి. కార్బొనేట్‌కు కడుపులో యాసిడ్ కావాలి, భోజనంతోనే మింగాలి. ఎసిడిటీ మాత్రలు రోజూ వాడేవాళ్లకు సిట్రేట్ మేలు, దాన్ని ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒకసారికి 500 మి.గ్రా. మించితే ఒంటబట్టేది తగ్గిపోతుంది, రెండు పూటలుగా విడగొట్టండి. ఐరన్ మాత్రకు, థైరాయిడ్ మాత్రకు దూరంగా ఉంచండి. విటమిన్ డి రోజుకు 600 ఐయూ, డెబ్బై దాటాక 800. డాక్టరు చెప్పకుండా 4,000 దాటకూడదు. ఒకే పేరుతో ఉన్న ప్యాకెట్లలో రోజూ వేసుకునే రకం, వారానికోసారి వేసుకునే 60,000 ఐయూ రకం పక్కపక్కనే ఉంటాయి. వారపు మాత్రను రోజూ మింగి ఆసుపత్రిపాలైనవాళ్లు ఉన్నారు కాబట్టి కొన్న రోజే ప్యాకెట్ మీద మింగాల్సిన రోజు పేరు పెన్నుతో రాయండి.

మాత్రలతో ఎముక కరగడం కొంత నెమ్మదిస్తుందేమో గానీ, గట్టిపడదు. గట్టిపడాలంటే బరువు పడాలి.

బరువులెత్తే శిక్షణ: అన్నిటికంటే విలువైన కొనుగోలు

సప్లిమెంట్ల ఖర్చు ఆపి ఒక మంచి శిక్షకురాలికి మూడు నెలల ఫీజు కట్టడం ఎక్కువ ఫలితమిస్తుందన్నది మా గట్టి నమ్మకం. ఆస్ట్రేలియాలో 2018లో వెలువడిన లిఫ్ట్‌మోర్ పరీక్షలో, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. ఒక గుంపు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట, ఎనిమిది నెలలు బరువులెత్తింది: నేలమీద నుంచి బరువు లేపడం, భుజాలమీద బరువుతో గుంజీ, తలపైకి ఎత్తడం, ఎగిరి పాదాలమీద దిగడం. ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 85 శాతానికి పైగా, ఐదేసి సార్లు ఐదు విడతలు. నడుము వెన్నుపూసల సాంద్రత వాళ్లకు 2.9 శాతం పెరిగితే, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన గుంపుకు 1.2 శాతం తగ్గింది.

ఇదంతా శిక్షకుల కళ్లెదుట, మొదటి నెల తేలిక బరువులతో భంగిమలు నేర్పించాకే జరిగింది. ఫోన్లో వీడియో చూసి నేరుగా అంత బరువు ఎత్తమని అర్థం కాదు. శిక్షకురాలిని ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి: ఎముక సాంద్రత రిపోర్టు చూస్తారా, ఎత్తిన బరువు ప్రతిసారీ రాసిపెడతారా, రెండు వారాలకోసారి పెంచుతారా. మూడింటికీ అవునంటేనే డబ్బు కట్టండి. ఆరు నెలలుగా అదే కిలో డంబెల్ ఇస్తున్న చోట చెమట పడుతుంది కానీ ఎముకకు కబురు చేరదు. ఎముకలు ఇప్పటికే గుల్లబారినవాళ్లకు నడుం వంచి మోకాళ్లకు తల ఆనించే ఆసనాలు, వెల్లకిలా పడుకుని ముందుకు లేచే పొట్ట వ్యాయామాలు చేయించేవాళ్ల దగ్గరికి పోవద్దు. వెన్నుపూస ముందు అంచు నలిగిపోయే ప్రమాదం అందులోనే ఎక్కువ.

ఇంట్లో మొదలుపెట్టాలంటే: చేతులు ఆసరా లేకుండా కుర్చీలోంచి పది సార్లు లేవడం. అది తేలికయ్యాక చేతుల్లో బరువు పట్టుకుని ఎనిమిది సార్లు. ఆఖరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి, నడుము వంకర పోకూడదు. ఎనిమిదీ సులువుగా వస్తున్నాయంటే బరువు చాలట్లేదు.

కండకు ప్రొటీన్ కూడా పడాలి. శరీర బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 కిలోలవాళ్లకు రోజుకు 60–72. పూటకు పాతిక గ్రాములు అనుకుంటే లెక్క తేలిక. గుడ్డులో 6, గ్లాసు పాలల్లో 8, కప్పు ఉడికిన పప్పులో 18 దాకా. రాత్రి భోజనంలోనే అంతా కుక్కేసి, పొద్దున టీ, రొట్టెతో సరిపెట్టడం ఎక్కువగా కనిపించే పొరపాటు. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క మీకు కాదు.

వ్యాయామం వల్ల ఆవిర్లు తగ్గుతాయని ఆశపడి రెండో నెలలో మానేయొద్దు. వ్యాయామం, యోగా ఆవిర్లను తగ్గించలేదని పరీక్షలు చెప్తున్నాయి. నిద్ర కాస్త బాగుపడింది. అధిక బరువున్నవాళ్లు బరువు తగ్గితే ఆవిర్లు తగ్గడానికి మాత్రం ఆధారముంది. మెనోపాజ్ సొసైటీ సిఫారసు జాబితాలో బరువు తగ్గడం ఉంది, ట్రిగ్గర్లు (ఆవిరిని రేపే పదార్థాలు) మానడం, చల్లదనం ఉపాయాలు లేవు. కారం, మద్యం, కాఫీ మీ డైరీలో ఆవిరికి ముందు మళ్లీ మళ్లీ కనిపిస్తే మానండి. కనిపించకపోతే అందరికీ చెప్పినట్టు మీకూ నిషేధం పెట్టుకోనవసరం లేదు. నిద్ర కోసం మాత్రం మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు.

దిండ్లు, పక్కలు

జెల్ దిండు మొదట్లో చల్లగా తగులుతుంది, కాసేపటికి తల వేడిని పీల్చుకుని తలంత వెచ్చనవుతుంది. రాత్రి రెండింటికి వచ్చే ఆవిరికి అది మామూలు దిండే. నీళ్లు తిప్పి చల్లబరిచే పరుపుపొర నిజంగా వేడిని బయటికి పంపుతుంది, కానీ మోటారు చప్పుడు, నీళ్లు మార్చడం, ఖరీదు భరించాలి. పలుచని రెండు దుప్పట్లు, మంచం పక్కన ఫ్యాను, పక్కనే ఆరిన రాత్రిదుస్తులు ఒక జత. ఇంతకంటే ఖర్చు పెట్టేముందు ఈ మూడూ ప్రయత్నించండి.

యోని మాయిశ్చరైజర్లు: కొనదగ్గవే, లేబుల్ చూసి

ఆవిర్లు ఏళ్లు గడిస్తే తగ్గుతాయి. యోని పొడిబారడం, మంట, పదేపదే మూత్రం ఇన్‌ఫెక్షన్లు కాలం గడిచేకొద్దీ పెరుగుతాయి తప్ప తగ్గవు. ఏ సోయా, ఏ మూలికా దీనికి చాలవు. మాయిశ్చరైజర్, ల్యూబ్రికెంట్ ఒకటి కావు: మొదటిది వారానికి రెండు మూడు రాత్రులు పడుకునేముందు లోపల రాసుకునేది, రెండోది కలయిక సమయంలో వాడేది. మాయిశ్చరైజర్లలో హయలురోనిక్ యాసిడ్ ఉన్న రకం బావుంటుంది. రెండు మూడు నెలలు క్రమంగా వాడితేగాని తేడా తెలియదు.

లేబుల్ మీద రెండు అంకెలు వెతకండి. పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 4.5 దగ్గర ఉండాలి. ఆస్మొలాలిటీ (జెల్లులో కరిగిన పదార్థాల గాఢత) 380కి దగ్గరగా ఉంటే ఉత్తమం, 1,200 దాటకూడదు. ల్యూబ్రికెంట్ల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హద్దు అది. గ్లిజరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్ ఎక్కువ పోసిన జెల్లులు ఆ హద్దు దాటి, కణాల్లోంచి నీటిని లాగేస్తాయి. తడి కోసం రాస్తే ఇంకా ఎండి మండేది అందుకే. సువాసన, ‘వెచ్చదనం’, పుదీనా రకాల జోలికి పోవద్దు. నూనె ఆధారిత ల్యూబ్రికెంట్ లాటెక్స్ కండోమ్‌ను చింపేస్తుంది. మూడు నెలలకూ మంట తగ్గకపోతే తక్కువ మోతాదు యోని ఈస్ట్రోజెన్ గురించి డాక్టరును అడగండి. అందులో రక్తంలో కలిసేది చాలా తక్కువ.

యాప్‌లు, సెషన్లు

ఆవిర్లకు మందుల్లేని వైద్యాల్లో గట్టి ఆధారం ఉన్నవి రెండు, ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మనసును ఏకాగ్రస్థితికి తెచ్చి సూచనలిచ్చే క్లినికల్ హిప్నాసిస్. ఇవి అల్మారాలో దొరకవు కాబట్టి ప్రకటనలూ లేవు. మొదటిది ఆవిర్ల సంఖ్యకంటే అవి పెట్టే బాధను తగ్గిస్తుంది. బ్రిటన్ పరీక్షల్లో గుంపుగా చేసినా, పుస్తకం పెట్టుకుని ఇంట్లో చేసుకున్నా దాదాపు ఒకే ఫలితం వచ్చింది. రెండోదానిమీద 2013లో 187 మందితో చేసిన పరీక్షలో వారానికొకటి చొప్పున ఐదు సెషన్ల తర్వాత పన్నెండో వారానికి ఆవిర్లు 74 శాతం తగ్గాయి, పోలిక గుంపులో 17 శాతం. యాప్ కొనేముందు చూడాల్సింది: చల్లని దృశ్యాలతో ఆవిర్ల కోసమే తయారుచేసిన క్రమం ఉందా, రోజూ వినే రికార్డింగ్ ఉందా, ఆవిర్లు లెక్కబెట్టుకునే చోటుందా. పక్షుల కూతలు, అలల చప్పుడు మాత్రమే ఉంటే అది నిద్ర సంగీతం.

నిద్రలేమికి చేసే థెరపీ యాప్ నిజమైనదైతే మొదటి వారమే మీకు ఇబ్బంది పెట్టే సలహా ఇస్తుంది: మంచంమీద గడిపే సమయాన్ని, మీరు నిజంగా నిద్రపోయే సమయానికి కుదించమంటుంది, ఐదున్నర గంటలకు తగ్గకుండా. మంచంమీద గడిపినదాంట్లో 85 శాతం నిద్రే అయ్యాక పావుగంట చొప్పున పెంచుతుంది. ఆ వారాల్లో పగలు కునుకుపాట్లు వస్తాయి, దూరం బండి నడపకండి.

పరీక్ష కిట్లు, ఆపై డాక్టరు

మూత్రంలో ఎఫ్‌ఎస్‌హెచ్ (మెనోపాజ్‌లో పెరిగే ఒక హార్మోన్) చూసే పట్టీ, లాలాజలంలో హార్మోన్ల ప్యానెల్, రెండూ దండగ. నెలసరి ఆగే ముందు ఏళ్లలో ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక వారం ఎక్కి మరో వారం దిగుతుంది. 45 దాటినవాళ్లకు లక్షణాలు, పన్నెండు నెలలు నెలసరి రాకపోవడం చూసే నిర్ధారిస్తారు, పరీక్ష అక్కర్లేదు. పట్టీ ‘మెనోపాజ్’ అని చూపించిందని గర్భనిరోధకం ఆపేయడం ఇందులో అసలు ప్రమాదం. యాభై లోపువాళ్లు ఆఖరి నెలసరి తర్వాత రెండేళ్లు, యాభై దాటినవాళ్లు ఏడాది కొనసాగించాలి.

45 లోపే నెలసరి ఆగినవాళ్లకు ఈ సమీక్షలోని తిండి, వ్యాయామం ఒక్కటే చాలవు. ఎముకకు, గుండెకు అన్నేళ్లు ఈస్ట్రోజెన్ లేకపోవడమే నష్టం కాబట్టి, అభ్యంతరమేదీ లేకపోతే మామూలుగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స వైద్యులు సూచిస్తారు. మిగతావాళ్లలోనూ ఆవిర్లకు హార్మోన్లను మించినది లేదు. అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్లలోపు ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుతో ఎత్తడానికి సంకోచించనక్కర్లేదు. వెళ్లేటప్పుడు మింగుతున్న ప్రతి సీసా సంచిలో వేసుకెళ్లండి, పేర్లు గుర్తుంచుకుని చెప్పేకంటే అదే నయం. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, సోయా వల్లేమోనని సర్దిచెప్పుకోకుండా ఆ వారంలోనే గర్భాశయ పొర మందం చూసే స్కానింగ్ చేయించుకోవాలి.